పేరుకు ఆధారం ఏది? పర్యావరణ జీనోమ్ పరిశోధన – సూక్ష్మజీవుల నామకరణం: తెలుగు ప్రాంత ఉదాహరణలతో వివరణ

వ్యాససంగ్రహం

ప్రయోగశాలలో పెంచిన సజీవ వర్ధనాన్ని ఆధారంగా చూపి బాక్టీరియాకు పేరు పెట్టడం చిరకాలంగా ఉన్న పద్ధతి. మట్టి, నీరు, బురద నుంచి నేరుగా డీఎన్ఏ తీసి చదివే విధానం వచ్చాక, ఎవరూ పెంచని జీవులు కేవలం జన్యుక్రమం రూపంలో పెద్ద సంఖ్యలో వెలుగులోకి వస్తున్నాయి. వీటికి పేరు పెట్టవచ్చా, పెడితే ఆ పేరు దేనిని ఆశ్రయించి నిలుస్తుంది అన్న చర్చ అంతర్జాతీయంగా సాగుతోంది. ఈ చర్చ స్వరూపాన్ని హైదరాబాదు కేంద్రంగా జరిగిన సూక్ష్మజీవుల నామకరణం, కాజీపల్లి చెరువు మెటాజీనోమ్ అధ్యయనం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు ఊర్ల పేర్లు లాటిన్ నామాలుగా మారిన తీరు, జీవవైవిధ్య చట్టంతో నామకరణ నియమాలకు ఏర్పడిన ఘర్షణ, తెలుగు పారిభాషిక పదాల సమస్య కూడా ఇందులో పరిశీలితమయ్యాయి.

కీలకపదాలు: సూక్ష్మజీవులు, నామకరణం, ప్రరూపం, మెటాజీనోమ్, సీక్‌కోడ్, కాజీపల్లి, జీవవైవిధ్య చట్టం, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువుకు పేరు పెట్టడం అంటే దానిని ఇతర వస్తువుల నుంచి వేరు చేసి, అందరూ ఒకే అర్థంలో ప్రస్తావించడానికి వీలు కల్పించడం. కంటికి కనిపించే మొక్క, జంతువు విషయంలో ఈ పని కొంత సులువు. నమూనాను భద్రపరిచి, వర్ణన రాసి, పేరును ఆ నమూనాకు ముడివేయవచ్చు. సూక్ష్మజీవి కంటికి కనిపించదు. సూక్ష్మదర్శిని కింద చూసినా గుండ్రని కణమో, కడ్డీ వంటి కణమో కనిపిస్తుందే తప్ప, ఒక జాతిని మరొక జాతి నుంచి వేరుచేసే గుర్తులు సాధారణంగా దొరకవు. అందుచేత సూక్ష్మజీవ శాస్త్రంలో పేరుకు ఆధారం ఏమిటన్న ప్రశ్న మొదటి నుంచీ కీలకమైనది.

నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి పరిసరాలు ఈ చర్చకు అనువైన ప్రదేశం. నానక్‌రామ్‌గూడ నేడు ఆర్థిక జిల్లాగా, సాఫ్ట్‌వేర్ సంస్థల స్థావరంగా ప్రసిద్ధం. దాని పొరుగునే 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి జీవశాస్త్ర విభాగంలో సి.హెచ్.వి. రమణ, కూకట్‌పల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సి.హెచ్. శశికళ నడిపిన పరిశోధన బృందాలు దేశంలోని అనేక ప్రాంతాల నుంచి కొత్త బాక్టీరియాలను వేరుచేసి పేర్లు పెట్టాయి. అదే నానక్‌రామ్‌గూడ నుంచి బాహ్య వలయ రహదారి మీదుగా పటాన్‌చెరు వైపు వెళితే, ఔషధ పరిశ్రమల వ్యర్థాలు చేరిన చెరువులు, వాగులు ఎదురవుతాయి. వాటిలోని సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు జన్యుక్రమం ద్వారా చదివారు. ఒకవైపు పెంచి పేరు పెట్టిన జీవులు, మరొకవైపు చదివినా పేరు పొందని జీవులు. ఈ రెండింటి మధ్య తేడాయే ఈ వ్యాసానికి విషయం.

2. వర్ధనానికి లొంగని జీవులు

నీటిలోని బాక్టీరియాను సూక్ష్మదర్శినితో లెక్కిస్తే వచ్చే సంఖ్యకూ, అదే నీటిని పోషక మాధ్యమం మీద పరిస్తే పెరిగే సమూహాల సంఖ్యకూ పొంతన ఉండదు. సాధారణంగా నూటికి ఒక వంతు లేదా అంతకన్న తక్కువ మాత్రమే పెరుగుతాయి. 1985లో స్టేలీ, కొనోప్కా ఈ వ్యత్యాసానికి శాస్త్ర సాహిత్యంలో ఒక ప్రత్యేక పేరు కల్పించి దాని ప్రాముఖ్యాన్ని చాటారు. పెరగకపోవడానికి కారణాలు అనేకం. కొన్ని జీవులు పొరుగు జీవి విడుదల చేసే పోషకం లేనిదే బతకవు. కొన్ని అతి నెమ్మదిగా విభజన చెందుతాయి. కొన్నింటికి ఆక్సిజన్ విషం. ప్రయోగశాలలోని పుష్కలమైన ఆహారమే కొన్నింటికి ప్రతికూలం.

ఈ అడ్డంకిని దాటడానికి మార్గం 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ చేసిన కృషితో తెరుచుకుంది. ప్రతి జీవకణంలోనూ ఉండే రైబోజోమ్‌లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనే భాగాన్ని పోల్చి, వారు ఆర్కియా అనే ప్రత్యేక జీవ సమూహాన్ని గుర్తించారు. 1980లలో నార్మన్ పేస్ బృందం ఈ జన్యుభాగాన్ని వర్ధనంతో పనిలేకుండా పరిసరాల నుంచే నేరుగా చదివే పద్ధతికి పునాది వేసింది. 1998లో జో హ్యాండెల్స్‌మన్, ఆమె సహచరులు ‘మెటాజీనోమ్’ అనే పదాన్ని వాడుకలోకి తెచ్చారు. ఒక పరిసరంలోని సమస్త సూక్ష్మజీవుల జన్యుసంపదను కలిపి ఒకే రాశిగా చూడడం దీని అర్థం. 2004లో కాలిఫోర్నియాలోని ఒక గని నుంచి కారే ఆమ్ల జలాల్లోని జీవుల జీనోమ్‌లను దాదాపు పూర్తిగా పునర్నిర్మించగలిగారు. అదే ఏడాది క్రెగ్ వెంటర్ బృందం సర్గాసో సముద్రజలాల మెటాజీనోమ్‌ను ప్రకటించింది. అప్పటి నుంచి ‘పెంచిన జీవి’ కన్న ‘చదివిన జీవి’ సంఖ్య వేగంగా పెరిగింది.

3. బురద నుంచి జీనోమ్ దాకా

ఈ ప్రక్రియను ఒక కల్పిత ఉదాహరణతో వివరించవచ్చు. నానక్‌రామ్‌గూడ పరిసరాలు గ్రానైటు గుట్టల నడుమ కుంటలు, చెరువులు కలిగిన దక్కను నేల. అక్కడి ఒక కుంట అడుగు నుంచి ఒక గ్రాము బురద తీశారని అనుకుందాం. అందులో కోట్ల సంఖ్యలో కణాలు, వేల సంఖ్యలో జాతులు ఉండవచ్చు. వాటన్నిటి కణపొరలను ఛేదించి డీఎన్ఏను బయటికి తీస్తారు. యంత్రం దానిని చిన్నచిన్న తునకలుగా చదువుతుంది. ఒక్కొక్క తునకలో నూట యాభై అక్షరాలు ఉండవచ్చు, కొత్త యంత్రాలతో వేల అక్షరాలు కూడా ఉండవచ్చు. ఏ తునక ఏ జీవిదో మొదట తెలియదు.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ స్థితి అపరిచితం కాదు. అనేక గ్రంథాల తాళపత్రాలు తునకలై, ఒకే కట్టలో కలిసిపోయాయని ఊహించవచ్చు. ఒక ముక్క చివరి అక్షరాలు మరొక ముక్క మొదటి అక్షరాలతో సరిపోతే రెండింటినీ కలపవచ్చు. జీనోమ్ శాస్త్రంలో ఈ పనిని కంప్యూటరు చేస్తుంది. ఇలా కలిపిన పొడవైన భాగాలను తర్వాత ఏ గ్రంథానివో విడదీయాలి. ఛందస్సు, శైలి, పదాల పౌనఃపున్యం వంటివి చూసి పద్యం ఎవరిదో నిర్ణయించినట్లే, ఇక్కడ నాలుగు అక్షరాల గుచ్ఛాలు ఎంత తరచుగా వస్తున్నాయో, ఆ భాగం నమూనాలో ఎన్నిసార్లు చదవబడిందో చూసి ఒక్కొక్క జీవికి చెందిన భాగాలను ఒక్కొక్క రాశిగా చేరుస్తారు. ఈ విధంగా లభించేది ‘పునర్నిర్మిత జీనోమ్’.

పునర్నిర్మాణం ఎంత నమ్మదగినదో చెప్పడానికి కొలతలున్నాయి. దాదాపు ప్రతి బాక్టీరియాలోనూ ఒకే ఒక్కసారి ఉండే జన్యువులు కొన్ని ఉంటాయి. అవి అన్నీ కనిపిస్తే జీనోమ్ దాదాపు సంపూర్ణం. ఒకటి రెండుసార్లు కనిపిస్తే పరాయి జీవి భాగం కలిసిందని అనుమానించాలి. 2017లో అంతర్జాతీయంగా ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఉన్నత శ్రేణి జీనోమ్‌లో సంపూర్ణత 90 శాతానికి మించి, పరాయి కలయిక 5 శాతానికి లోపు ఉండాలి. మూడు రకాల రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులు, కనీసం 18 రకాల టీఆర్‌ఎన్‌ఏలు కూడా కనిపించాలి. ఆ తర్వాత ఇది కొత్త జాతియా కాదా అని తేల్చాలి. రెండు జీనోమ్‌ల సమాన భాగాల మధ్య సగటు సామ్యం సుమారు 95 శాతం కన్న తక్కువైతే వాటిని వేర్వేరు జాతులుగా పరిగణించడం నేటి ఆచారం.

4. నామకరణ నియమాలు: లక్ష్యం, లక్షణం

బాక్టీరియా, ఆర్కియాల పేర్లను ప్రోకేరియోట్‌ల అంతర్జాతీయ నామకరణ నియమావళి శాసిస్తుంది. 1980 జనవరి 1న ఆమోదిత నామాల పట్టిక అమలులోకి రావడంతో, అంతకు ముందు పోగుపడిన వేలాది పేర్లలో రెండు వేల పైచిలుకు మాత్రమే చెల్లుబాటుగా మిగిలాయి. పాత పేర్లలో అధిక భాగం వదిలేయవలసి రావడానికి ముఖ్య కారణం, అవి ఏ జీవిని సూచిస్తున్నాయో సరిచూసుకునే ఆధారం లేకపోవడం. ఆ అనుభవమే నేటి నియమాల కాఠిన్యానికి మూలం.

ఈ నియమావళిలో పేరుకు ఆధారమైన నమూనాను ‘ప్రరూపం’ అనవచ్చు. జాతికి ప్రరూపం సజీవంగా ఉండే ఒక స్ట్రెయిన్. తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోని లక్ష్య లక్షణాల భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. జీవి గురించి రాసిన వర్ణన లక్షణం. భద్రపరిచిన స్ట్రెయిన్ లక్ష్యం. పేరు లక్షణానికి కాక లక్ష్యానికే ముడిపడి ఉంటుంది. కొత్త పరిశోధనలో లక్షణం సవరణ పొందవచ్చు, విస్తరించవచ్చు. లక్ష్యం మాత్రం మారదు. ఎవరికైనా అనుమానం వస్తే మూల స్ట్రెయిన్‌ను తెప్పించుకుని పరీక్షించుకోవచ్చు. అందుకే 2001 నుంచి కొత్త జాతి ప్రరూపాన్ని కనీసం రెండు దేశాల్లోని రెండు సేకరణాలయాలలో అందరికీ అందుబాటులో ఉంచాలన్న నిబంధన అమలులోకి వచ్చింది.

పెంచడానికి వీలులేని జీవి విషయంలో ఈ నిబంధన తలుపు మూసివేస్తుంది. 1994లో మరీ, ష్లైఫర్ దీనికి మధ్యేమార్గంగా ‘కాండిడేటస్’ అనే హోదాను ప్రతిపాదించారు. ‘అభ్యర్థి’ అన్నది ఆ లాటిన్ పదానికి అర్థం. ఈ హోదాతో పెట్టిన పేరు తాత్కాలికం. దానికి పూర్తి ప్రాధాన్య హక్కు లేదు.

5. తెలుగు ఊర్లు లాటిన్ నామాలైన తీరు

సజీవ ప్రరూపం ఆధారంగా పెట్టిన పేర్లలో తెలుగు నేలకు మంచి చోటు దక్కింది. 2007లో శశికళ, రమణ బృందాలు ఆంధ్ర తీరం పేర్లతో ప్రకటించిన నాలుగు బాక్టీరియాలు ఇందుకు నిదర్శనం. అవి రోడోవులమ్ విశాఖపట్నమెన్సే, మారిక్రోమేటియమ్ భీమ్లికమ్, థయోరోడోకాకస్ భీమ్లికస్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. ఇవన్నీ కాంతిశక్తితో ఆహారం తయారుచేసుకుంటూ, మొక్కలవలె ఆక్సిజన్‌ను విడుదల చేయని ఊదారంగు బాక్టీరియాలు.

ఈ పేర్ల నిర్మాణం భాషాశాస్త్ర దృష్టితో గమనించదగినది. ప్రతి పేరులో మొదటి పదం ప్రజాతి, రెండవది జాతి విశేషణం. లాటిన్‌లో విశేషణం విశేష్య లింగాన్ని అనుసరిస్తుంది. రోడోవులమ్ నపుంసకలింగం కాబట్టి విశాఖపట్నమ్ ‘ఎన్సే’ ప్రత్యయం పొందింది. థయోరోడోకాకస్ పుంలింగం కాబట్టి కాకినాడకు ‘ఎన్సిస్’ చేరింది. భీమిలి పేరు మరింత స్పష్టమైన ఉదాహరణ. నపుంసకమైన మారిక్రోమేటియమ్ పక్కన ‘భీమ్లికమ్’ అయిన ఊరిపేరే, పుంలింగమైన థయోరోడోకాకస్ పక్కన ‘భీమ్లికస్’ అయింది.

చిన్నయసూరి బాలవ్యాకరణం తత్సమాల విషయంలో చెప్పిన ప్రక్రియకు ఇది దగ్గరి పోలిక. సంస్కృత ప్రాతిపదికకు డు, ము, వు ప్రత్యయాలు చేరి రాముడు, వనము, తరువు అయినట్లే, తెలుగు ఊరిపేరు లాటిన్ ప్రత్యయం చేరి లాటిన్ పదమవుతుంది. అయితే ఒక భేదం ఉంది. ఈ ఊరిపేర్లు తెలుగు ఉచ్చారణ నుంచి కాక ఆంగ్ల లిపిలో స్థిరపడిన వర్ణక్రమం నుంచి లాటిన్‌లోకి వెళ్లాయి. ట, త వర్ణాల భేదం, హ్రస్వ దీర్ఘాల భేదం అందులో నిలవలేదు. భీమిలి మధ్యలోని ఇకారం కూడా లోపించింది. నామకరణ నియమాల ప్రకారం ఒకసారి చెల్లుబాటైన వర్ణక్రమాన్ని సాధారణంగా మార్చరు. కాబట్టి ఆంగ్ల లిపిలోని ఆ వర్ణక్రమం శాస్త్రనామంలో శాశ్వతమైంది. పైన చెప్పిన కల్పిత కుంటలో కొత్త జాతి దొరికితే, ప్రజాతి లింగాన్ని బట్టి దాని పేరు ‘నానక్‌రామ్‌గూడెన్సిస్’ గానో ‘నానక్‌రామ్‌గూడెన్సే’ గానో ఉండాలి.

6. జీనోమ్ పాత పేర్లను ప్రశ్నించినప్పుడు

సజీవ ప్రరూపం ఉన్నంత మాత్రాన పేరు స్థిరమని భావించరాదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన ఎస్. శివాజీ బృందం 2009లో ప్రకటించిన మూడు జాతుల చరిత్ర దీనిని నిరూపిస్తుంది. 2005లో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన హైదరాబాదు బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ ఎగువ వాతావరణంలో 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలి నమూనాలను సేకరించింది. వాటి నుంచి వేరుచేసిన బాక్టీరియాలలో మూడింటిని కొత్త జాతులుగా గుర్తించి జానీబాక్టర్ హోయిలై, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టారు. మొదటిది ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్ స్మృతికి, రెండవది ఇస్రోకు, మూడవది ఆర్యభటునికి గుర్తు. ఈ జీవులు భూమికి వెలుపలివని అధ్యయనం నిర్ధారించలేదు.

తర్వాతి కాలంలో మరింత విస్తృతమైన పోలికలు జరిగాయి. 2016లో ఇస్రోనెన్సిస్ జాతి బాసిల్లస్ ప్రజాతి నుంచి సోలిబాసిల్లస్ ప్రజాతికి మారింది. 2019లో జీనోమ్‌లను పోల్చిన పరిశోధకులు ఆర్యభట్టై ప్రత్యేక జాతి కాదని, 1884లోనే పేరు పొందిన బాసిల్లస్ మెగాటీరియమ్‌కు పర్యాయనామమని ప్రతిపాదించారు. 2020లో ఈ రెండు పేర్లూ ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి చేరాయి. జాతుల సరిహద్దు రేఖకు సమీపంలో ఉన్న జీవుల విషయంలో ఇలాంటి భేదాభిప్రాయాలు సహజం. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మూల స్ట్రెయిన్ భద్రంగా ఉండడం వల్లనే పునఃపరిశీలన సాధ్యమైంది. అయితే ఆ పునఃపరిశీలనలో తీర్పు చెప్పింది జీనోమ్. అంటే సజీవ ప్రరూపాన్ని ఆధారంగా పెట్టుకున్న వ్యవస్థలో కూడా నిర్ణాయక సాక్ష్యం క్రమంగా జన్యుక్రమమే అయింది.

7. చదివినా పేరు దక్కని జీవులు: కాజీపల్లి చెరువు

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతాలలో ఔషధ ముడిపదార్థాలు తయారుచేసే పరిశ్రమలు అనేకం. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించింది. అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్న ఇది ఎక్కువ.

ఇలాంటి పరిసరాలలో ఏ సూక్ష్మజీవులు బతుకుతాయన్నది సహజమైన ప్రశ్న. 2014లో బెంగ్ట్‌సన్-పామ్, ఆయన సహచరులు కాజీపల్లి చెరువు అడుగుబురద మెటాజీనోమ్‌ను ప్రకటించారు. ప్రధానమైన యాంటీబయాటిక్ వర్గాలన్నింటినీ తట్టుకునే జన్యువులు అందులో కనిపించాయి. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువుతో చూస్తే వీటి పరిమాణం సుమారు 7,000 రెట్లు అధికం. ఒక బాక్టీరియా నుంచి మరొక బాక్టీరియాకు జన్యువులను మోసుకుపోయే ప్లాస్మిడ్‌లు తెలిసినవి 26, అంతకు ముందు తెలియనివి 21 గుర్తింపు పొందాయి.

ఈ ఫలితంలో నామకరణ సమస్య దాగి ఉంది. నిరోధక జన్యువు ఉందని తెలిసింది. దానిని మోస్తున్న జీవి ఏది అన్న ప్రశ్నకు ప్రతిసారీ సమాధానం దొరకదు. జన్యువుకు పేరుంది, ప్లాస్మిడ్‌కు సంఖ్య ఉంది, ఆశ్రయమిచ్చిన బాక్టీరియాకు మాత్రం చాలా సందర్భాలలో స్థిరమైన పేరు లేదు. ఒక ప్రయోగశాల తన సొంత సంకేతంతో సూచించిన జీవిని మరొక ప్రయోగశాల వేరే సంకేతంతో సూచిస్తే, రెండూ ఒకటేనని పాఠకులకు తెలిసే మార్గం లేదు. చెరువులోని నిరోధక జన్యువు ఏదో ఒక రోజు ఆసుపత్రిలోని రోగకారక బాక్టీరియాకు చేరితే, అది వచ్చిన దారిని వెదకడానికి మధ్యలోని జీవుల గుర్తింపు అవసరం. కాబట్టి నామకరణం పండితుల లాంఛనం మాత్రమే కాదు. ప్రజారోగ్య పరిశీలనకు అది ఉమ్మడి భాష.

8. జన్యుక్రమమే ప్రరూపంగా: సీక్‌కోడ్

చదివిన జీవికి పేరు లేకపోవడం ప్రపంచమంతటా ఉన్న స్థితి. 2015లో గ్రీన్‌లాండ్, నార్వేల మధ్య సముద్రగర్భంలోని లోకీస్ క్యాజిల్ అనే ఉష్ణజల బిలాల సమీపాన తీసిన బురదలో, సంక్లిష్ట కణజీవులకు అతి సన్నిహితమైన ఆర్కియాల జీనోమ్‌లు కనిపించాయి. ఆ స్థలనామాన్ని బట్టి వాటిని లోకీ ఆర్కియా అన్నారు. తర్వాత దొరికిన బంధు సమూహాలకు థోర్, ఓడిన్, హైమ్‌డాల్ అనే నార్స్ పురాణ దేవతల పేర్లు దక్కాయి. జపాన్ పరిశోధకులు ఈ వర్గానికి చెందిన ఒక జీవిని పన్నెండేళ్లకు పైగా శ్రమించి పెంచగలిగారు. ఆ ఫలితం 2020లో ప్రచురితమైంది. జీనోమ్ ముందు, జీవి తరువాత అన్న కొత్త వరుసకు ఇది ప్రసిద్ధ ఉదాహరణ. ప్రతి జీవికీ పన్నెండేళ్ల శ్రమ సాధ్యం కాదన్నది కూడా దీనివల్ల తేలుతుంది.

జన్యుక్రమాన్ని ప్రరూపంగా అంగీకరించాలన్న ప్రతిపాదనను ప్రోకేరియోట్‌ల నామకరణ సంఘం 2020లో తిరస్కరించింది. దానిని సమర్థించిన శాస్త్రజ్ఞులు 2022లో ‘సీక్‌కోడ్’ పేరుతో ప్రత్యేక నియమావళిని ప్రకటించారు. ఇందులో నాణ్యత ప్రమాణాలకు నిలిచిన జీనోమ్ పేరుకు ప్రరూపం అవుతుంది. జీనోమ్ బహిరంగ నిధిలో ఉండాలి, పేరు సీక్‌కోడ్ పట్టికలో నమోదు కావాలి. పెంచగలిగిన జీవులకూ పెంచలేని వాటికీ ఇది సమానంగా వర్తిస్తుంది.

ఈ మార్పుపై అభ్యంతరాలు తేలికగా తోసివేయదగినవి కావు. వాటిలో ముఖ్యమైనదాన్ని గ్రంథ పరిష్కరణ చరిత్రతో పోల్చి చూడవచ్చు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులను సేకరించి, పండితుల చేత పోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. అలా రూపొందిన పాఠం ఉపయుక్తమే. కాని అది ఏ ఒక్క తాళపత్ర ప్రతికీ అక్షరాలా సమానం కాదు. పునర్నిర్మిత జీనోమ్ కూడా అటువంటిదే. అది సాధారణంగా ఒక్క కణం జీనోమ్ కాదు. ఒకే జాతికి చెందిన అనేక కణాల తునకలను కలిపి సాధించిన పాఠం. పరాయి జీవి భాగం పొరపాటున చేరితే అది ప్రక్షిప్తమే అవుతుంది. పైగా జీనోమ్‌ను బట్టి జీవి ఏమి చేయగలదో ఊహించవచ్చు గాని, నిజంగా ఏమి చేస్తుందో పరీక్షించలేము.

అయితే పరిష్కృత ప్రతిని సాహిత్య లోకం నిరాకరించలేదు. పాఠాంతరాలు చూపి, ఆధార ప్రతులను పేర్కొని, ఇతరులు సరిచూసుకునే అవకాశం కల్పిస్తే దానిని ప్రామాణికంగా స్వీకరించింది. జీనోమ్ ప్రరూపానికీ అదే గీటురాయి తగినది. ముడి తునకలు, కలిపిన విధానం, నాణ్యత కొలతలు అందుబాటులో ఉంటే పునఃపరిశీలనకు వీలుంటుంది. అవి లేని జీనోమ్ ఆధారంగా పెట్టిన పేరు, 1980లో పక్కకు వెళ్లిన పాత పేర్ల వంటిదే అవుతుంది.

9. చట్టం – నియమావళి

భారతీయ పరిశోధకులకు ఈ చర్చలో అదనపు కోణం ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002లోని 3వ సెక్షన్ ప్రకారం విదేశీయులు భారతీయ జీవవనరులను పరిశోధనకు పొందాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి అవసరం. 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు నిర్దేశిత భాండాగారానికి ఆ విషయం తెలిపి, నమూనాను అక్కడ ఉంచాలి. జన్యువనరుల మీద స్థానిక ప్రజల హక్కును, ప్రయోజనంలో వాటాను కాపాడడం ఈ చట్టం ఆశయం. జన్యువనరుల వినియోగం, ప్రయోజనాల పంపిణీకి సంబంధించిన నగోయా ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించినది 2012 అక్టోబరులో. సరిగ్గా ఆ రోజుల్లోనే జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాదులో, మాదాపూర్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరుగుతోంది.

నామకరణ నియమావళి ప్రరూపం నిరాటంకంగా అందరికీ అందాలంటుంది. చట్టం అనుమతి లేనిదే విదేశీయులకు ఇవ్వరాదంటుంది. రెండింటి ఆశయాలూ న్యాయమైనవే. ఇరుకున పడేది మధ్యలోని పరిశోధకుడు. కష్టపడి పెంచిన జీవికి సైతం చెల్లుబాటయ్యే పేరు రాక ఆలస్యం జరిగే అవకాశం ఏర్పడింది. జన్యుక్రమాన్ని ప్రరూపంగా ఒప్పుకుంటే జీవి సరిహద్దు దాటనవసరం లేదు. అయితే దీనివల్ల చట్టం ఆశయం వేరొక దారిలో బలహీనపడవచ్చు. బహిరంగ నిధిలో ఉంచిన క్రమాన్ని ఎవరైనా ఉపయోగించి, జీవిని తాకకుండానే దానిలోని ఎంజైమును తయారుచేయగలరు. డిజిటల్ జన్యుక్రమాల నుంచి వచ్చే లాభంలో వాటా కోసం బహుపాక్షిక వ్యవస్థను ఏర్పరచాలని 2022 డిసెంబరులో మాంట్రియల్ సదస్సు తీర్మానించడం ఈ ఆందోళనకు స్పందనే.

10. తెలుగు పారిభాషిక పదాల సమస్య

ఈ శాస్త్రాన్ని తెలుగులో బోధించేవారికి రెండు పదాలు ప్రత్యేకంగా ఇబ్బంది కలిగిస్తాయి. పాఠ్యపుస్తకాలలో ‘క్రమం’ అన్న మాట వర్గీకరణలోని ఒక అంతస్తుకు రూఢి అయింది. జన్యు అక్షరాల వరుసకూ అదే మాట వాడుకలో ఉంది. ‘ఈ క్రమానికి చెందిన బాక్టీరియా క్రమం’ వంటి వాక్యం విద్యార్థిని అయోమయంలో పడవేస్తుంది. వరుసను చెప్పవలసిన ప్రతిచోటా ‘జన్యుక్రమం’ అని పూర్తిగా ప్రయోగించడం మేలు. రెండవది ‘జాతి’. ప్రజాతి, జాతి అనే జంట పాఠ్యపుస్తకాలలో స్థిరపడినా, లోకవ్యవహారంలో జాతి శబ్దానికి కులం, దేశప్రజ అనే అర్థాలు బలంగా ఉన్నాయి. కాబట్టి తొలి ప్రయోగంలోనే శాస్త్రార్థాన్ని స్పష్టం చేయాలి.

‘వర్ధనం’ మాత్రం చక్కని నిర్మాణం. కణజాల వర్ధనం వంటి పదాలతో ఇప్పటికే పరిచితం. దాని నుంచి ‘అవర్ధిత జీవి’ అన్న మాటను సులువుగా సాధించవచ్చు. బాక్టీరియా, జీనోమ్, ప్లాస్మిడ్ వంటి మాటలు పత్రికల ద్వారా తెలుగైపోయాయి. వాటికి కృత్రిమ సమాసాలు కల్పించడం అనవసరం. లాటిన్ నామాలను తెలుగు లిపిలో రాసేటప్పుడు ప్రత్యయాలను తెలుగు విభక్తులుగా మార్చకుండా యథాతథంగా నిలపడం అవసరం. భీమ్లికస్, భీమ్లికమ్ అనే రూపాలు వేర్వేరు ప్రజాతులను సూచిస్తున్నాయన్న సమాచారం ఆ చివరి అక్షరంలోనే ఉంది.

11. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. సూక్ష్మజీవి పేరుకు విలువ దాని వర్ణన వల్ల కాక, ఎవరైనా తిరిగి సరిచూసుకోగల ప్రరూపం వల్ల కలుగుతుంది.

2. పర్యావరణ జీనోమ్ పరిశోధన ఆ ప్రరూపాన్ని సజీవ వర్ధనం నుంచి జన్యుక్రమానికి మార్చే ప్రయత్నం చేస్తోంది. ఈ మార్పు మూలప్రతి స్థానంలో పరిష్కృత ప్రతిని ఆధారంగా స్వీకరించడం వంటిది. ఆధార సామగ్రిని బహిరంగంగా ఉంచినప్పుడే అది సమర్థనీయం.

3. ఆర్యభట్టై, ఇస్రోనెన్సిస్ పేర్ల చరిత్ర వర్ధనం, జీనోమ్ పరస్పర పూరకాలని తెలుపుతోంది. మొదటిది పరీక్షకు వస్తువునిస్తే, రెండవది తీర్పుకు కొలతనిస్తుంది.

4. విశాఖపట్నం, కాకినాడ, భీమిలి పేర్లు లాటిన్ నామాలలో నిలవడం తెలుగు ప్రాంత పరిశోధకుల వర్ధన కృషి ఫలితం. కాజీపల్లి వంటి కలుషిత చెరువుల జీవులకు అటువంటి గుర్తింపు ఇంకా అవసరంగానే ఉంది. యాంటీబయాటిక్ నిరోధం వ్యాపించే దారులను అనుసరించడానికి అది తోడ్పడుతుంది.

5. జన్యుక్రమం ఆధారంగా జరిగే నామకరణం చట్టపరమైన ఒక చిక్కును తొలగిస్తూనే, ప్రయోజనాల పంపిణీలో మరొక చిక్కును తెస్తుంది. నమూనా ఏ ఊరి చెరువుదో పేరులోనూ నమోదులోనూ స్పష్టంగా ఉండడం, ఆ ఊరికి దక్కవలసిన వాటాను అడగడానికి కనీస ఆధారం అవుతుంది.